బేలుకు రెండణాలు: మాటుంగా పత్తి ప్రయోగశాల కథ

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో జీవనోపాధుల ఉపసంఘం తరపున చదివిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ వేదిక మీద పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, వసూలు ఎంత అని చదువుతాం. ఆ లెక్కలన్నీ నివేదికలో ముందు పేజీల్లో ఉన్నాయి. మేము ఈసారి వేరే సంగతి చెప్పడానికి వచ్చాం. ఇది పత్తి సంగతి. అందులోనూ పత్తిని కొలిచే చోటు ఒకటి ఉందని, దాని కథ ఏమిటని చెప్పాలనుకున్నాం. ప్రయోగశాల కథ మనకెందుకు అని కొందరు అనుకోవచ్చు. మొదట మేమూ అట్లాగే అనుకున్నాం.

నిరుడు సంక్రాంతి ముందు జరిగింది చాలామందికి తెలుసు. మన సభ్యులు ఇద్దరు కలిసి ఒకే ట్రాలీ మాట్లాడుకొని పత్తి యార్డుకు తీసుకుపోయారు. కొనే అతను సంచిలో చెయ్యి పెట్టి పిడికెడు పత్తి తీశాడు. రెండు చేతుల బొటనవేళ్ల మధ్య పింజ లాగి చూసి, "పింజ లేదమ్మా, తేమ కూడా ఉన్నది" అని రేటు కోసి చెప్పాడు. పక్కన ఇంకో అతను అదే సంచిలో చెయ్యి పెట్టి, "తేమ ఏం లేదు గాని చెత్త ఉన్నది" అన్నాడు. ఆయన రేటు వేరు. మధ్యాహ్నం దాకా ఎండలో నిలబడి, ట్రాలీ కిరాయి పెరుగుతుంటే భయమేసి, మొదటి రేటుకే ఇచ్చి వచ్చారు. తర్వాతి నెల సమావేశంలో ఆ ఇద్దరిలో ఒకామె లేచి అడిగింది. "ఒకే పత్తికి ఇద్దరు రెండు మాటలు చెప్పిన్రు. బియ్యానికి తూకం ఉన్నది, పాలకు వెన్న చూసే మిషను ఉన్నది. పత్తికి ఆ చెయ్యి చెప్పిందే నిజమా? కొలిచేది ఇంకేమీ లేదా?"

ఆ ప్రశ్నను మినిట్సు పుస్తకంలో రాసుకొని, తెలుసుకొని రమ్మని మా ఉపసంఘానికి అప్పజెప్పారు. వ్యవసాయ అధికారులను, కృషి విజ్ఞాన కేంద్రం వాళ్లను అడిగాం, పిల్లలతో పుస్తకాలు చదివించుకున్నాం. తెలిసింది ఏమిటంటే, కొలిచేది ఉంది. నూరేళ్ల నుంచీ ఉంది.

బొంబాయిలో మాటుంగా అనే చోట 1924లో పత్తి కోసమే ఒక ప్రయోగశాల పెట్టారు. అప్పుడు దాని పేరు టెక్నలాజికల్ లేబొరేటరీ. ఇప్పటి పేరు కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ, పొట్టిగా సిర్కాట్ అంటారు. 2024తో నూరేళ్లు నిండాయి.

దాన్ని ఎందుకు పెట్టారో చెప్పాలంటే ఇంకొంచెం వెనక్కి పోవాలి. ఆ రోజుల్లో మన దేశం పత్తి చాలావరకు పొట్టి పింజ పత్తి. ఇంగ్లండులో లాంకషైర్ మిల్లులకు అది పెద్దగా పనికొచ్చేది కాదు, వాళ్లకు అమెరికా, ఈజిప్టు పత్తి లాంటి పొడవు పింజ కావాలి. బొంబాయి మిల్లుల వాళ్లకూ సన్న నూలు తీయాలంటే అదే కావాలి. పైగా మన పత్తిలో కల్తీ ఎక్కువని వ్యాపారం వాళ్ల ఫిర్యాదు. మంచి రకంలో నాసిరకం కలపడం, నీళ్లు కొట్టడం అప్పుడే ఉంది. 1917లో సర్కారు ఒక కమిటీ వేసింది. ఆ కమిటీ ఊళ్లు తిరిగి 1919లో నివేదిక ఇచ్చింది. దాని మీద 1921లో ఇండియన్ సెంట్రల్ కాటన్ కమిటీ ఏర్పడింది. ఇంతవరకు సర్కారు కాగితాల సంగతే. దీనికి డబ్బు ఎక్కడ నుంచి వచ్చిందన్నదే మాకు ఆసక్తి కలిగించింది.

1923లో పత్తి సెస్సు చట్టం చేశారు. రేవు దాటి విదేశానికి పోయే ప్రతి బేలు మీద, ఇక్కడి మిల్లులో వాడే ప్రతి బేలు మీద సెస్సు కట్టాలి. బేలు అంటే అప్పుడు 400 పౌన్లు, మన లెక్కలో 181 కిలోల దూది. మొదటి మూడేళ్లు బేలుకు నాలుగణాలు, ఆ తర్వాత రెండణాలు. రూపాయికి పదహారు అణాలు కదా, అంటే ఎనిమిది బేళ్లకు ఒక్క రూపాయి. గింజతో ఉన్న పత్తిలో దూది ఇంచుమించు మూడోవంతే వస్తుంది. కాబట్టి ఒక బేలు దూదికి ఐదున్నర క్వింటాళ్ల దాకా పత్తి కావాలి. ఐదున్నర క్వింటాళ్లకు రెండణాలు. అంత చిన్న మొత్తం నుంచే ఆ ప్రయోగశాల, దాని యంత్రాలు, జీతాలు, దేశమంతా పత్తి రకాల మీద పరిశోధనలు నడిచాయి.

కట్టింది మిల్లు వాళ్లూ ఎగుమతిదారులే కదా అని మీరు అనొచ్చు. కాగితం మీద వాళ్లే కట్టారు. కానీ కొనేవాడి మీద పడే ఖర్చు ఎప్పుడైనా వాడి జేబులో ఆగిందా? మన యార్డులో హమాలీ, కమీషను ఎవరి రేటులోంచి పోతాయో మనకు తెలుసు. అందుకే మా లెక్కలో ఆ రెండణాలు పత్తి పండించిన ఇంటివే, ఏరిన చేతులవే. మనం వారానికి పది రూపాయలతో పొదుపు మొదలుపెట్టినప్పుడు "పదితో ఏమైతది" అని ఊళ్లో నవ్వినవాళ్లున్నారు. ఈ సెస్సు సంగతి విన్నప్పుడు మాకు ఆ నవ్వులే గుర్తొచ్చాయి.

ఇంతకూ ఆ ప్రయోగశాలలో ఏం చేసేవారు? అప్పటికి వ్యవసాయ క్షేత్రాల్లో కొత్త పత్తి రకాలు తయారు చేస్తున్నారు. కొత్త రకం అంటే మొదట నాలుగు మొక్కలు, ఆ తర్వాత ఓ మడి. దాని దూది కొంచెమే ఉంటుంది. అది మంచిదో కాదో తెలియాలంటే మిల్లుకు పంపాలి, మిల్లుకు బేళ్లు కావాలి. బేళ్లు రావాలంటే ఏళ్లు పడుతుంది. తీరా అన్నేళ్లు పెంచాక పనికిరాదంటే రైతు గతి ఏమిటి? అందుకని కొద్దిపాటి దూదిని కూడా మిల్లులో లాగే వడికి, దానితో ఏ నంబరు నూలు వస్తుందో చెప్పే ఏర్పాటు మాటుంగాలో చేశారు. మొదటి డైరెక్టరు ఏ.జె. టర్నర్ అనే ఇంగ్లీషు ఆయన. ఈ పత్తితో నమ్మకంగా ఎంత సన్న నూలు దాకా పోవచ్చు అన్నది ఒక్క అంకెలో చెప్పే పద్ధతి అక్కడ నడిచింది.

నూలు నంబరు అంటే మన నేత కుటుంబాల వాళ్లకు చెప్పక్కర్లేదు. మిగిలినవాళ్ల కోసం చెబుతాం. ఒక పౌను బరువు నూలులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తే అది అంత నంబరు. ఇరవై చిలపలు వస్తే ఇరవయ్యో నంబరు, ముతక. ఎనభై వస్తే ఎనభయ్యో నంబరు, సన్నం.

పింజ పొడవు కొలిచే సాధనం సంగతి వింటే మీకు నవ్వొస్తుంది. దాన్ని బేయర్ సార్టర్ అంటారు. వరుసగా సన్న దువ్వెనలు ఉంటాయి. దూదిని వాటిలో పరిచి, పోగులను పొడవు ప్రకారం విడదీసి లాగి, నల్ల మఖ్మల్ బట్ట మీద పెద్దదాని నుంచి చిన్నదాని దాకా పక్కపక్కన పేరుస్తారు. చివరికి కొండవాలు లాంటి ఆకారం కనబడుతుంది. ఏ పొడవువి ఎన్ని ఉన్నాయో దాన్ని చూసి లెక్క కడతారు. ఓపిక పని. పిల్లల తలలో చిక్కు తీసినంత ఓపిక కావాలి.

ఇది విన్నప్పుడు మాలో ఒకామె శ్రీకాకుళం జిల్లా పొందూరు సంగతి చెప్పింది. పొందూరులో ఖద్దరు వడికే ఆడవాళ్లు పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడకు ఉన్న సన్నటి పళ్లే వాళ్ల దువ్వెన. అక్కడి కొండపత్తి పొట్టి పింజదే. ఆ పొట్టి పింజతోనే చేతి రాట్నం మీద నూరో నంబరు నూలు తీస్తారు. మిల్లు యంత్రం మీద పెడితే ఆ పత్తికి అంత నంబరు రాదు. అంటే తప్పు పత్తిదా, కొలతదా?

ఇది మేము ఊరికే అనడం లేదు. ఆ ప్రయోగశాల గొప్ప పని చేసింది, కాదనం. కానీ అది పెట్టుకున్న కొలబద్ద మిల్లుది. యంత్రం మీద తెగకుండా, గబగబా, సన్నగా వచ్చేదే మంచి పత్తి. పొడవు పింజ మంచిది, పొట్టి పింజ చెడ్డది అన్న మాట అట్లా స్థిరపడింది. కోస్తాలో పండి, కాకినాడ పేరు మీద బయటి దేశాలకు పోయిన ఎర్రమట్టి రంగు పత్తి, కర్నూలు వైపు ముంగారి, మన వైపు, నాందేడ్ వైపు పండిన గౌరాని, ఇవన్నీ మన నేలకు, మన వానకు అలవాటైన దేశవాళీ రకాలు. మందులు లేకుండా, నీళ్లు లేకుండా పండేవి. మొక్క ఎంత ఎండకు ఓర్చుకుంటుంది, రైతుకు అప్పు ఎంత మిగులుతుంది అని కొలిచే దువ్వెన అప్పుడు ఎవరూ చేయలేదు. పెద్దమ్మల్లో కొందరికి ఆ పత్తి గుర్తుండే ఉంటుంది.

టర్నర్ తర్వాత 1931 నుంచి నజీర్ అహ్మద్ డైరెక్టరు. పంజాబు ఆయన. కేంబ్రిడ్జిలో రూథర్‌ఫర్డ్ అనే పెద్ద శాస్త్రవేత్త దగ్గర అణువుల మీద చదువుకొని, వచ్చి పత్తి పోగుల మీద కూర్చున్నాడు. దేశం విడిపోయాక పాకిస్తానుకు వెళ్లి, అక్కడి అణుశక్తి సంఘానికి మొట్టమొదటి అధ్యక్షుడయ్యాడు. దూదికీ అణుశక్తికీ మధ్య ఇంత దగ్గరి దారి ఉందని మాకు తెలియదు!

ఆ విభజనలో ఇంకో దెబ్బ తగిలింది. మంచి పింజ పత్తి పండే సింధు, పడమటి పంజాబు పాకిస్తానుకు పోయాయి. మిల్లులు దాదాపు అన్నీ ఇటే ఉన్నాయి. మిల్లులున్న దేశంలో ఆ పత్తికి కొరత వచ్చింది. అందుకే ఆ తర్వాత ఇరవై, ముప్పయ్యేళ్లు పొడవు పింజ రకాలు, సంకర రకాల కోసం అంత పట్టుపట్టారు. 1970లో గుజరాత్‌లోని సూరత్‌లో హెచ్-4 వచ్చింది. పత్తిలో అమ్మకానికి వచ్చిన మొదటి సంకర విత్తనం ప్రపంచంలోనే అది. రెండేళ్లకు కర్ణాటక ధార్వాడ్ నుంచి వరలక్ష్మి వచ్చింది. మన నంద్యాల పరిశోధన కేంద్రం నుంచి నరసింహ వచ్చింది, అది మనలో చాలామంది ఇళ్లలో పండింది. తర్వాత 2002లో బీటీ. ఆ కథ మీకు మాకంటే ఎక్కువ తెలుసు, దాన్ని ఇక్కడ ఎత్తితే సాయంత్రమవుతుంది.

1966లో కాటన్ కమిటీ లాంటివి రద్దయి, ప్రయోగశాల భారత వ్యవసాయ పరిశోధన మండలి కిందికి వచ్చింది. 1991లో ఇప్పటి పేరు పెట్టారు. నాగపూర్‌లో దానిదే జిన్నింగ్ శిక్షణ కేంద్రం ఉంది, జిన్నింగ్ మిల్లుల్లో పని చేసేవాళ్లకు శిక్షణ ఇస్తారు. పత్తి నాణ్యత చూసే విభాగాలు కొన్ని ఊళ్లలో ఉన్నాయి, మన తెలుగు నేల మీద గుంటూరులో ఉంది.

ఇప్పుడు దువ్వెనలతో పని తక్కువ. హెచ్‌విఐ అనే పెద్ద యంత్రం వచ్చింది. గుప్పెడు దూది పెడితే పొడవు, గట్టిదనం, రంగు, మైక్రోనేర్ అన్నీ నిమిషాల్లో చెబుతుంది. మైక్రోనేర్ అన్న మాట మనం యార్డులో వింటుంటాం. తెలిసినా తెలియకపోయినా తల ఊపుతాం. అదేమీ బ్రహ్మవిద్య కాదు. తూచిన కొంచెం దూదిని చిన్న గొట్టంలో కూరి గాలి పంపిస్తారు. పోగులు లావుగా ఉంటే సందులు పెద్దవై గాలి తేలిగ్గా పోతుంది, అంకె ఎక్కువ వస్తుంది. సన్నగా ఉన్నా, లేదా కాయ ముదరక పోగు పలుచగా ఉన్నా గాలి అడ్డుపడుతుంది, అంకె తగ్గుతుంది. పురుగు కొట్టిన కాయ, నీళ్లందని చెట్టు కాయ ముందే పగిలితే మైక్రోనేర్ తగ్గేది ఇందుకే.

ఆ యంత్రాలను సరిచూడటానికి కూడా పత్తి కావాలి. దుకాణంలో తూనిక రాళ్లకు ముద్ర వేసినట్టు, ఇంత పొడవు, ఇంత గట్టి అని ముందే ఖాయం చేసిన పత్తి. దాన్ని అమెరికా నుంచి తెప్పించుకునేవారు. మన పత్తితోనే అట్లాంటి ప్రామాణిక పత్తిని సిర్కాట్ తయారు చేసింది. తూనిక రాయి మన దగ్గరే తయారైందన్నమాట. ఇది మాకు చాలా పెద్ద పనిగా అనిపించింది.

మరి ఇంత ఉండి, ఆ ఇద్దరు యార్డులో ఎండలో ఎందుకు నిలబడాల్సి వచ్చింది? కొలత గింజ తీసిన దూది దగ్గర మొదలవుతుంది. జిన్నింగ్ మిల్లు వాడు బేలు కట్టి నూలు మిల్లుకు అమ్మేటప్పుడు పరీక్ష కాగితం ఉంటుంది, బేరం ఆ కాగితం మీద నడుస్తుంది. మన దగ్గర కొనేటప్పుడు మాత్రం బొటనవేలే ప్రయోగశాల. ఒక మెట్టు పైన కాగితం, మన మెట్టు దగ్గర చెయ్యి. రెండణాలు మన మూట నుంచే పోయి, నూరేళ్లయినా కొలత మన మూట దాకా తిరిగి రాలేదు. ఇది మా ఉపసంఘం ఫిర్యాదు. ఎవరి మీద అని అడిగితే ఒక్కరి పేరు చెప్పలేం.

హెచ్‌విఐ యంత్రం మనం కొనలేం. మన చేతిలో ఉండగల కొలత ఒక్కటి ఉంది, అది తేమ. మద్దతు ధరకు కొనేటప్పుడు కాటన్ కార్పొరేషన్ 8 శాతం తేమ దాకా పూర్తి ధర ఇస్తుంది. 8 దాటి 12 దాకా ఆ మేరకు ధర కోస్తుంది. 12 దాటితే కొనదు. తేమ మీటరుకు రెండు ముళ్లు ఉంటాయి, పత్తిలో గుచ్చితే అంకె చూపిస్తుంది. ఒక్క చోట గుచ్చితే చాలదు. సంచి పైన ఎండకు ఆరి ఉంటుంది, మధ్యలో పచ్చిగా ఉంటుంది. నాలుగైదు చోట్ల చూడాలి. ఇంట్లో చూసుకొని 10 ఉంటే ఒకరోజు పరదా మీద ఆరబెట్టి, 8కి దిగాక బండి మాట్లాడుకోవచ్చు. అట్లా చేస్తే తేమ ఉన్నదని ఎవరన్నా అంటే, "మా మీటరులో ఇంత ఉన్నది, మీ మీటరు పెట్టండి" అని అడిగే నోరు వస్తుంది.

చెత్త సంగతి కూడా మన చేతిలోదే. చెట్టుకు కింది కాయల నుంచి పైకి ఏరుకుంటూ పోతే, పైనున్న ఎండుటాకు నుసి రాలి కింద విచ్చిన పత్తి మీద పడదు. మొదటి ఏరుడు పత్తి, చివరి ఏరుడు పత్తి కలపకూడదు. వానకు తడిసి రంగు మారింది వేరే పెట్టాలి. ఇవి మన అమ్మలు చెప్పినవే, కొత్తవేం కాదు.

కొత్తగా వచ్చిన ముప్పు ప్లాస్టిక్. యూరియా సంచులు, ప్లాస్టిక్ సంచుల్లో పత్తి కుక్కుతాం. వాటి అంచు పోగులు ఊడి దూదిలో కలుస్తాయి. గింజ తీసేటప్పుడు పోవు, నూలులో పోవు. బట్ట అయ్యాక రంగు వేస్తే దూది పోగు రంగు పట్టుకుంటుంది, ప్లాస్టిక్ పోగు పట్టుకోదు. థాను మొత్తం తెల్ల చుక్కలు! అట్లాగే మన తల వెంట్రుకలు. నవ్వకండి, నిజంగానే అది ఒక లెక్క. ఏరేటప్పుడు తలకు రుమాలు కట్టుకొమ్మని చెప్పేది ఎండ కోసమే కాదు. గుడ్డ సంచి, తలకు రుమాలు, ఈ రెండూ మన కుట్టు కేంద్రంలోనే కుట్టించవచ్చని మా ఆలోచన.

పత్తి కట్టెల మాట ఒకటి చెప్పి అసలు పేచీలోకి వస్తాం. సిర్కాట్ వాళ్లు పత్తి కట్టెతో బల్లలకు పనికొచ్చే అట్ట పలకలు చేసే పద్ధతి తయారు చేశారు. పొడి చేసి ఇటుకలుగా నొక్కి బాయిలర్లలో కాల్చే పద్ధతి ఉంది. కట్టె ముక్కల మీద ముత్యపు పుట్టగొడుగులు పెంచే పద్ధతి ఉంది. పలకల ఫ్యాక్టరీ మనకు అయ్యే పని కాదు. పుట్టగొడుగులు మాత్రం ఒక గదిలో అయ్యే పని. రెండు గ్రామ సంఘాలు ముందుకొస్తే శిక్షణ అడుగుదామనుకుంటున్నాం. చేల్లో పత్తి కట్టె కాల్చడం కంటే ఏదైనా మేలే.

ఇక పేచీ. తేమ తగ్గాలంటే మంచు ఆరాకే చేలోకి దిగాలి. ఈ మాట ఉపసంఘంలో అనగానే సగంమంది సరే అన్నారు, సగంమంది మాట్లాడలేదు. మాట్లాడనివాళ్లు భూమి లేనివాళ్లు, కిలో లెక్కన ఏరేవాళ్లు. చివరకు ఒక చెల్లెలు అంది. "మంచు మీద ఏరితే తూకం ఎక్కువస్తది, నాకు కూలి వస్తది. మంచు ఆరేదాక గట్టు మీద కూసుంటే రెండు గంటలు పోతయి, తూకం పోతది. మీకు యార్డుల రేటు వస్తది, మరి నాకు తగ్గింది ఎవరిస్తరు?"

ఆమె అన్నది నిజం. మన సంఘంలో పత్తి పండించేవాళ్లూ ఉన్నారు, ఏరేవాళ్లూ ఉన్నారు. ఒకే ఆమె ఈ రోజు తన చేను ఏరి, రేపు ఇంకొకరి చేనుకు కూలి పోతుంది. నాణ్యత కోసం పద్ధతి మార్చమని చెప్పి, దాని ఖర్చు మొత్తం కూలి ఆడవాళ్ల మీద వేస్తే, రెండణాలు మూటల మీద వేసిన పద్ధతికీ మన పద్ధతికీ తేడా ఏముంటుంది? మూడు సమావేశాలు ఇదే మాట్లాడాం. ఆరిన పత్తి ఏరితే కిలోకు కూలి పెంచాలని కొందరు, పూట లెక్కన ఇవ్వాలని కొందరు అన్నారు. పూట లెక్కన ఇస్తే ఏరేది తగ్గుతుందని ఇంకొందరి భయం. ఒక్క మాట మీదికి రాలేదని ఒప్పుకుంటున్నాం.

అందుకని ఈ రోజు మీ ముందు పెట్టేవి ఇవి. సమాఖ్య సొంత నిధి నుంచి రెండు తేమ మీటర్లు కొనాలి, ప్రతి గ్రామ సంఘానికి వంతుల ప్రకారం ఇవ్వాలి, ఎవరు తీసుకున్నా పుస్తకంలో సంతకం పెట్టాలి. గుడ్డ సంచులు, తల రుమాళ్లు కుట్టడానికి కుట్టు కేంద్రానికి ముందస్తుగా డబ్బు ఇవ్వాలి. సీజనులో మన పత్తి దూది నమూనాలు కొన్ని పరీక్షకు పంపించి, వచ్చిన అంకెలు గ్రామ సంఘాల్లో చదివి వినిపించాలి. ఈ మూడింటి మీద ఇప్పుడే చేతులెత్తి చెప్పండి. ఏరుడు కూలి సంగతి మాత్రం ఇక్కడ తేల్చవద్దని మా మనవి. దసరా దాటితే మొదటి ఏరుడు మొదలవుతుంది. అంతకుముందే ప్రతి గ్రామ సంఘం కూర్చొని, కూలి వాళ్లు మాట్లాడాకే చేను వాళ్లు మాట్లాడేటట్టు సమావేశం పెట్టి, తమ మాట రాసి పంపాలి.

కృషి విజ్ఞాన కేంద్రం వాళ్లు ఒక మీటరు ఈ రోజుకు చూపించడానికి ఇచ్చారు. ఆ చివరి బల్ల మీద ఉంది. పక్కన నిరుటి పత్తి రెండు సంచులు పెట్టాం. ఒకటి బాగా ఎండినది, ఇంకొకటి నిన్న రాత్రి నీళ్లు చిలకరించినది. చిలకరించింది ఎవరని అడగొద్దు, మేమే. భోజనాల దగ్గర వరుస ఎక్కువగా ఉంటుంది కాబట్టి, ఆ లోపల వచ్చి ముందు చేత్తో పట్టుకొని తేమ ఎంతో చెప్పండి, తర్వాత ముళ్లు గుచ్చి చూడండి.